పన్నెండణాల కాఫీ

2021 మే నెల. మా ఖమ్మంలో ఏ వీధి చూసినా గేట్లు మూసి ఉన్న రోజులు. నాకు కరోనా వచ్చింది. ముందుగదిలో నేనొక్కణ్ణే, వెనకగదుల్లో అమ్మా, మా ఆవిడా. పొద్దున్నే ఆరింటికి అమ్మ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి, గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, తలుపు రెండుసార్లు తట్టి వెళ్ళిపోయేది. ఐదో రోజు కూడా తట్టింది. తలుపు తీసి గ్లాసు అందుకున్నాను. పొగలు వస్తున్నాయి, వాసన రావట్లేదు. చల్లారిందేమోనని పట్టుకు చూస్తే చెయ్యి చురుక్కుమంది. తాగితే వేణ్నీళ్ళలో పంచదార కలిపి, కాస్త వేపాకు రసం పోసినట్టుంది. అమ్మ డికాక్షన్ సరిగ్గా వెయ్యడం మర్చిపోయిందనుకున్నాను. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, మర్చిపోతే మాత్రం తప్పేముంది!

మర్చిపోయింది నా ముక్కని సాయంత్రానికి అర్థమైంది. సబ్బు వాసన లేదు. అగరొత్తి వాసన లేదు. మా ఆవిడ కిటికీలోంచి అందించిన ఆవకాయలో ఇంగువ లేదు.

రెండు వారాలు తిరిగేసరికి జ్వరం పోయింది, దగ్గు పోయింది, వేలికి పెట్టుకునే మిషన్లో అంకె తొంభై ఆరు దగ్గర నిలబడింది. ఆ నెలలో మా కాలనీ పోగొట్టుకున్న మనుషుల్ని తల్చుకుంటే, ముక్కు గురించి మాట్లాడ్డానికే సిగ్గేసేది. ప్రాణం దక్కింది, వాసనదేముందిలే అనుకున్నాను. అలా ఎందుకు అనుకోకూడదో తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఖమ్మం వాళ్ళకి ముక్కు పనిచేస్తుందో లేదో తేల్చుకోడానికి వేరే పరీక్ష అక్కర్లేదు. మిర్చి మార్కెట్ వైపు ఓసారి వెళ్ళొస్తే చాలు. జూన్‌లో పనిగట్టుకుని వెళ్ళాను. బస్తాల మధ్య నిలబడగానే తుమ్ముల మీద తుమ్ములు. కళ్ళు ధారలు కట్టాయి. చూసేవాళ్ళు ఏమనుకున్నారో గానీ, ఏడుస్తున్న ఆ కళ్ళు నావి ఆనందబాష్పాలే. ఆ ఆనందాన్ని మర్నాడు ముక్కు డాక్టరు ఒక్క మాటతో తీసేశారు. ఘాటు వేరు, వాసన వేరట. మిరపకాయ మంట, కర్పూరం చల్లదనం, అమ్మోనియా పోటు తెలిపేది ముఖమంతా పాకిన వేరే నరం. వాసన నరాలు పూర్తిగా పడుకున్నా అది మెలకువగానే ఉంటుందట.

ఆయన మందేమీ రాయలేదు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలు నాలుగు చిన్న సీసాల్లో పోసుకుని, ఉదయం సాయంత్రం ఒక్కొక్కటీ ఓ ఇరవై సెకన్లు వాసన చూడమన్నారు. వాసన రాకపోయినా, అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ చూడాలట. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు 2009లో ఈ పద్ధతితో మంచి ఫలితాలు చూపించారని చెప్పారు. ఎక్కాలు మర్చిపోయిన పిల్లాడి చేత మళ్ళీ ఒకటో ఎక్కం నుంచి వల్లె వేయించినట్టన్నమాట. వేశాను.

అక్టోబరులో నా ముక్కు తిరిగొచ్చింది. రావడమైతే వచ్చింది గానీ బుద్ధి మార్చుకుని వచ్చింది. ఉల్లిపాయలు వేగుతుంటే కుళ్ళు కంపు. కోడిగుడ్డు ఉడుకుతుంటే ఇల్లు విడిచి పారిపోవాలనిపించేది. అన్నిటికన్నా ఘోరం కాఫీ. కాలుతున్న టైరునీ మురిక్కాలవనీ కలిపి మరగబెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. దెబ్బతిన్న నరాలు మళ్ళీ మొలిచేటప్పుడు కొన్ని దారి తప్పుతాయనీ, అందుకే ఒక వాసన ఇంకోటిగా అందుతుందనీ డాక్టరు చెప్పారు. నేను చదివినంతలో, కాఫీకి వాసననిచ్చే పదార్థాలు ఎనిమిది వందలకు పైనే ఉన్నాయి. అందులో 2-ఫ్యూరాన్‌మీథేన్‌థయాల్ అనేది ఒకటి. గింజ వేగేటప్పుడు పుడుతుంది. మంచి ముక్కుకి కమ్మటి కాఫీ వాసనంటే ముఖ్యంగా అదే. నాలాంటి ముక్కులకి భరించలేని కంపూ ముఖ్యంగా దాన్నుంచే. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇది పరిశోధించి 2022లో ప్రచురించారు. కారణం తెలిసింది. కాఫీ మాత్రం టైరులాగే ఉండిపోయింది.

* * *

ఇక్కడ మా అమ్మ కాఫీ గురించి చెప్పాలి.

మా నాన్న సింగరేణిలో గుమాస్తా. నా చిన్నతనమంతా కొత్తగూడెం క్వార్టర్లలో గడిచింది. మా పక్కింట్లో ఒక తమిళ కుటుంబం ఉండేది. ఆ మామి దగ్గర అమ్మ ఫిల్టరు కాఫీ నేర్చుకుంది. ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, గరిటె వెనక్కి తిప్పి ఎంత అదమాలో అంతే అదిమి, మరిగిన నీళ్ళు పోసి, మూత పెట్టి, ఇక దాని జోలికి పోకుండా వాకిలి ఊడ్చుకుని, ముగ్గేసుకుని వచ్చేది. అప్పటికి కిందిగిన్నెలోకి నల్లటి డికాక్షన్ దిగి ఉండేది. "తొందరపడితే నీళ్ళు దిగుతాయి, ఓపిక పడితే కాఫీ దిగుతుంది" అనేది.

నాన్న 2009లో పోయారు. అప్పట్నుంచి పొద్దుటి కాఫీకి అమ్మకి తోడు నేనే. వరండాలో రెండు కుర్చీలు. ఒక గ్లాసు నాకిచ్చి, రెండోది చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. నేనొక గుక్క తాగి "బాగుందమ్మా" అనాలి. అప్పుడు తను తాగుతుంది. నాన్న ఉన్నప్పటి అలవాటది.

అక్టోబరులో మొదటిసారి టైరు కంపు వచ్చిన పొద్దున, అమ్మ రెండో గ్లాసు పట్టుకుని నా మొహం వైపు చూస్తోంది. ఊపిరి బిగబట్టి మింగి, "బాగుందమ్మా" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాను. మర్నాడు నిజం చెబితే నిన్నటిది అబద్ధమవుతుంది. వారం తర్వాత చెబితే వారం రోజులదీ అబద్ధమవుతుంది. అలా ఏడాదిన్నర పాటు, వరండాలో కూర్చుని, రోజూ పొద్దున్నే ఒక అబద్ధంతో దినచర్య మొదలుపెట్టాను. మా ఆవిడకి తెలుసు. "చెప్పెయ్యకూడదూ! ఆవిడేమన్నా పరాయి మనిషా?" అనేది. పరాయి మనిషైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

2023 ఉగాది మార్చి 22న వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పండక్కి వచ్చింది. ఆ రోజు ఉగాది పచ్చడి రెండు గిన్నెలు తాగాను. మూడోది కూడా అడిగాను. మా ఇంట్లో ఉగాది పచ్చడి రెండోసారి అడిగిన మనిషి నా ఎరుకలో లేడు. అందరూ నవ్వారు. నవ్వు ఆపాక అమ్మాయి అడిగింది.

"నాన్నా, నీకిప్పుడు ఇదొక్కటే సరిగ్గా తెలుస్తోంది కదూ?"

నిజమే. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలిక చూసుకుంటుంది. కారం ఆ మిరపకాయ నరం చూసుకుంటుంది. వగరు నోట్లో బిగుసుకుంటే తెలిసిపోతుంది. షడ్రుచుల్లో ఒక్కటీ ముక్కు మీద ఆధారపడింది లేదు. రెండేళ్ళలో నేను అచ్చంగా, పూర్తిగా రుచి చూసింది ఆ గిన్నెడు పచ్చడే.

అమ్మాయికి ఈమధ్య కాఫీ పిచ్చి పట్టింది. బంగారం తూచినట్టు గింజలు తూస్తుంది. టైము చూసుకుంటూ నీళ్ళు పోస్తుంది. "అయితే కాఫీని కూడా పచ్చడిలాగే చూద్దాం. పాలూ పంచదారా లేకుండా, ఒక్కో రుచి విడదీసి. ముక్కు సంగతి చివర చూసుకుందాం" అంది. కాఫీ రుచి చూసే నిపుణులు గింజలకి నూటికి మార్కులు వేస్తారట. ఎనభై దాటితే మేలురకం. మేం మా స్థాయికి తగ్గట్టు పదికి పెట్టుకున్నాం. నోటు పుస్తకంలో ఐదు గడులు గీసింది: చేదు, పులుపు, తీపి, చిక్కదనం, వాసన. ఖమ్మంలో మొదలుపెట్టి, భద్రాచలం మీదుగా మారేడుమిల్లి దాకా, దారిలో దొరికిన కాఫీ అల్లా తాగాలని తీర్మానం.

"మారేడుమిల్లి ఎందుకే?" అన్నాను.

"ఆంధ్రా కాఫీ పుట్టిల్లు అదే కాబట్టి" అంది.

* * *

శనివారం సాయంత్రం వైరా రోడ్డులో ఒక కొత్త కెఫేకి తీసుకెళ్ళింది. గాజు తలుపు, గోడ మీద పుస్తకాలు, మోకాళ్ళ దగ్గరకి వచ్చే బల్లలు. నడిపే కుర్రాడికి పాతికేళ్ళుంటాయి. అమ్మాయి రెండు ఎస్ప్రెస్సోలు చెప్పింది.

నా తరం వాళ్ళకి 'ఎస్ప్రెస్సో కాఫీ' అంటే పెళ్ళిళ్ళలో దొరికేది. భోజనాల బంతులకి కాస్త ఎడంగా ఒక స్టీలు మిషన్. దాని గొట్టం పాలల్లో ముంచితే 'జుయ్'మని కల్యాణమండపం అదిరిపోయేలా శబ్దం. నురగ పొంగిన కప్పు మీద చిటికెడు చాక్లెట్ పొడి. వధూవరుల కంటే దాని చుట్టూనే జనం ఎక్కువ ఉండేవాళ్ళు. అందులో ఉన్నది పాలు, పంచదార, నీళ్ళలో కరిగే కాఫీ పొడి. పేరు మాత్రం ఇటలీది. అందుకే ఇక్కడ పిల్లల బొమ్మ కప్పులో, అడుగున రెండు గుక్కల నల్లటి ద్రవం తెచ్చి పెట్టేసరికి, "శాంపిలా బాబూ?" అని అడిగేశాను.

కుర్రాడు నవ్వి, ఓపిగ్గా చెప్పాడు. పద్దెనిమిది గ్రాముల పొడిని అదిమి, తొంభై డిగ్రీలు దాటిన నీళ్ళని తొమ్మిది బార్ల ఒత్తిడితో పాతిక ముప్ఫై సెకన్లు తోస్తే వచ్చేది ఇదట. తొమ్మిది బార్లంటే దాదాపు తొంభై మీటర్ల లోతున నీటి బరువు. అమ్మ ఫిల్టర్లో ఉన్నది నాలుగు వేళ్ళ లోతు నీళ్ళే. ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి 1884లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఏంజెలో మొరియోండో పేటెంట్ తీసుకున్నాడు. 1901లో లూయీజీ బెజ్జెరా దాన్ని ఒక్కో కప్పు తీసేలా మార్చాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అకిలే గాజియా మీటతో ఒత్తిడి పెంచి, పైన ఆ బంగారు రంగు నురగ తెప్పించాడు. తొందరపడ్డా నీళ్ళు దిగకుండా కాఫీయే దిగేలా చెయ్యడానికి వాళ్ళకి అరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

తాగాను. మొదట పులుపు. నిమ్మచెక్క నాకినంత పులుపు. దాని వెనకే చేదు. ఆ తర్వాత, ఎక్కడో నాలిక చివర, ఉందా లేదా అన్నట్టు తీపి. ఊపిరి వదలగానే టైరు. అమ్మాయి రాసింది: చేదు ఏడు, పులుపు ఎనిమిది, తీపి మూడు, చిక్కదనం తొమ్మిది. వాసన గడిలో నేనే పెన్ను తీసుకుని అడ్డంగా గీత గీశాను.

అయినా ఒకటి గమనించాను. అంత చిన్న కప్పులో ఇన్ని విడివిడిగా తెలిశాయి. పాలూ పంచదారా కలిసిన కాఫీలో అన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఇందులో దాక్కోడానికి చోటు లేదు.

* * *

ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరాం. తల్లాడ దాకా దారి పొడుగునా వారం కిందటి అకాల వర్షాల ఆనవాళ్ళు. వడగళ్ళకి మొక్కజొన్న చేలు చాప చుట్టినట్టు పడుకుని ఉన్నాయి. కాఫీ తాగడానికి ఊళ్ళు తిరుగుతున్నందుకు లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఏడింటికి కొత్తగూడెం. ఈ ఊరి రైల్వే స్టేషనుకి 'భద్రాచలం రోడ్' అని పేరు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చే చుట్టాలు భద్రాచలం వచ్చేసిందనుకుని దిగి, రాములవారి గుడి ఎక్కడని అడిగేవాళ్ళు. గుడి ఇంకా నలభై కిలోమీటర్లు. అలా దిగినవాళ్ళని నాన్న ముందు కాఫీ హోటలుకి తీసుకెళ్ళేవాడు. అది ఇప్పుడు లేదు. ఆ వీధిలోనే ఉన్న ఇంకో టిఫిన్ హోటల్లో పాలు లేకుండా ఫిల్టరు కాఫీ కావాలన్నాం. సర్వరు వంటగది వైపు తిరిగి "రెండు కాఫీ, పాలొద్దంట!" అని ఆశ్చర్యం దాచుకోకుండా అరిచాడు.

దీని తీరు వేరు. పులుపు లేదు. చేదు మెత్తగా, బెల్లం ముదురుపాకంలా సాగింది. అది చికోరీ పని. చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. వేయించి పొడి చేసి కలిపితే రంగూ చిక్కదనమూ వస్తాయి, కెఫీన్ మాత్రం ఉండదు. నెపోలియన్ యుద్ధాల నాడు కాఫీ కరువై యూరప్ వాళ్ళు పట్టుకున్న ఉపాయం. కరువు తీరాక కూడా మనం దాని రుచి వదల్లేదు. కంపు కూడా నిన్నటి కంటే కాస్త తక్కువ అనిపించింది. కాఫీ తక్కువ, వేరు ఎక్కువ కాబట్టి కావచ్చు. చేదు ఆరు, పులుపు ఒకటి, తీపి నాలుగు, చిక్కదనం ఏడు. వాసన గడిలో మళ్ళీ గీత.

పాల్వంచ దాటాక రోడ్డుకి రెండువైపులా అడవి. అది ఇప్పపూలు రాలే కాలం. చెట్ల కింద నేల ఊడ్చి శుభ్రం చేసి ఉంది. ఆడవాళ్ళు బుట్టల్లోకి పూలేరుతున్నారు. కారు ఆపి దిగగానే అమ్మాయి "అబ్బా, ఏం వాసన నాన్నా!" అంది. నాకేమీ లేదు. ఒక కోయ అవ్వ నాలుగు పూలు నా చేతిలో పోసి "వాసన సూడు సారూ" అంది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను. నా మొహంలో ఏం కనబడిందో, "పోనీ తిను" అంది. తిన్నాను. తియ్యగా ఉంది. "తియ్యగుందవ్వా" అన్నాను. తన పువ్వు తీపేనని నాతో చెప్పించుకున్నందుకు ఆమె బోసినోటితో నవ్వింది. నాకు అమ్మ గుర్తొచ్చింది.

శ్రీరామనవమి నాలుగు రోజుల్లో ఉంది. భద్రాచలం పందిళ్ళతో, యాత్రికులతో నిండిపోయి ఉంది. దర్శనం చేసుకున్నాం. తీర్థంలో పచ్చకర్పూరం చల్లగా తగిలింది, తులసి అందలేదు. గుడి దిగువన కాగితం కప్పులో ఇచ్చిన కాఫీ గురించి రాయడానికేమీ లేదు. వేడిగా ఉంది. ఆ జనంలో అంతమందికి వేడిగా ఇవ్వడమే గొప్ప.

భద్రాచలం దాటిన కాసేపటికే రాష్ట్రం మారిపోతుంది. పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక ఊరు తెలంగాణలో, ఊరి పొలిమేర ఆంధ్రాలో మిగిలాయి. చింతూరులో శబరి వంతెన దగ్గర ఒక పాకలో ఆగి, పాలు లేకుండా కాఫీ ఇమ్మన్నాం. ఆ ఇల్లాలు నన్ను ఎగాదిగా చూసి "పాల్లేకుండానా? జొరం గానీ వచ్చిందా అన్నా?" అంది. జ్వరం వచ్చి రెండేళ్ళయిందమ్మా, దాని కోసమే ఈ తిరుగుడు అని చెప్పాలనిపించింది. అల్లం కొట్టి వేసిన టీ ఇచ్చింది. అల్లం నరం పనిచేస్తోంది కాబట్టి, నిజం చెప్పొద్దూ, ఆ రోజు నేను ఇష్టంగా తాగింది అదే.

* * *

చింతూరు దాటాక ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ చెట్లు ఒత్తుకొస్తాయి. మారేడుమిల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. రోడ్డు వారన బొంగులో చికెన్ కాలుస్తున్న పొగలు. పక్కనే కాఫీ పొడి, మిరియాలు అమ్ముతున్న దుకాణాలు.

అరకు కాఫీ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో అరకులోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆంధ్ర మన్యంలో కాఫీ మొదట నాటింది అరకులో కాదంటారు. 1898లో బ్రోడీ అనే తెల్లదొర తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో వేయించాడని కాఫీ చరిత్ర చెబుతుంది. ఆ పాములేరు పారేది మారేడుమిల్లి అడవిలోనే. అక్కణ్ణుంచి పుల్లంగి, గూడెం కొండల మీదుగా తోటలు పాకాయి. అమ్మాయి పుట్టిల్లు అన్నది అందుకే.

ఒక దుకాణంలో ఆయన గింజలు మూకుట్లో తనే వేయించి, దంచి, గుడ్డలో వడగట్టి ఇచ్చాడు. గింజలు సగం మాడాయి, సగం పచ్చిగా ఉన్నాయి. తూకం లేదు, టైము లేదు, బార్లు లేవు. చేదు తొమ్మిది. అమ్మాయి మొహం చిట్లించింది. నాకు టైరు వాసన యథాప్రకారం. రెండొందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చి, ఐదో గడిలో ఐదో గీత గీశాను. రాత్రి అక్కడే ఉండిపోయాం. "సారీ నాన్నా" అంది పడుకోబోయే ముందు. దానికి సారీ ఎందుకో! ఆ ఐదో గడి నిండుతుందని అది నాకంటే ఎక్కువ ఆశపడిందని అప్పుడు తెలిసింది.

పొద్దున్నే నిద్ర పట్టక ఒక్కణ్ణే తోటల వైపు నడిచాను. పెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు. చెట్ల మొదళ్ళకి మిరియాల తీగలు. కాఫీ మొక్క వేసవి ఆరంభంలో ఒక మంచి వాన కోసం కాసుక్కూర్చుంటుంది. వాన పడిన ఎనిమిది పది రోజులకి తోటంతా ఒక్కసారే పూస్తుంది. మూణ్ణాలుగు రోజులు, అంతే. ఖమ్మంలో మొక్కజొన్నని పడుకోబెట్టిన ఆ వానలే ఇక్కడ ఈ మొగ్గల్ని లేపినట్టున్నాయి. కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు. దండలు గుచ్చి తగిలించినట్టున్నాయి.

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఎక్కడో మల్లెపూలు. ఇక్కడ మల్లెలు ఎవరు పెట్టుకున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఒక కొమ్మ వంచి మొహానికి ఆనించుకున్నాను. మల్లెపూలే. టైరు లేదు, మురిక్కాలవ లేదు. పల్చటి, తియ్యటి, తడి తడి వాసన. అది గుర్తు తెచ్చుకుంటున్నది కాదు, నిజంగా వస్తున్నది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

తర్వాత ఆలోచిస్తే దాని వెనకున్న లెక్క తెలిసింది. నన్ను ఏడిపించిన ఆ పదార్థం గింజ నిప్పు మీదకి వెళ్ళాక పుట్టేది. పువ్వుకి దానితో సంబంధం లేదు. కాఫీ నన్ను ముందు గుమ్మంలోంచి తోసేస్తే, దొడ్డిదారిన లోపలికి పిలిచింది.

తోటలో పనికి వస్తున్న ఒక కొండరెడ్డి పెద్దాయన నన్ను చూసి "పడ్డారా సారూ?" అని పరుగెత్తుకొచ్చాడు. లేదన్నాను. పక్కన కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ తోటల్లో పండు కోస్తున్నాడట. "కాఫీ ఎలా తాగుతారు మీరు?" అని అడిగాను. "మేం తాగం. అంబలి తాగుతాం, రుతువొస్తే జీలుగు కల్లు తాగుతాం. అది చేదు కదా, ఎందుకు తాగుతారో మీరు!" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పండించిన మనిషి అలా అడిగితే, యాభై ఏళ్ళు తాగినవాణ్ణి ఏం చెప్పను? "మా అమ్మ ఇస్తుంది, అందుకు తాగుతాను" అన్నాను. ఆ జవాబు ఆయనకి సబబుగానే తోచింది. తలూపాడు.

గదికి వచ్చి అమ్మాయిని లేపి, నోటు పుస్తకం తెరిచి, ఐదో గడిలో గీత పక్కన 'పువ్వు' అని రాశాను. అది చదివి, ఏమీ అడక్కుండా చెప్పులేసుకుని నాతో తోటకి వచ్చింది.

* * *

మర్నాడు పొద్దున ఖమ్మంలో, వరండాలో, అమ్మ గ్లాసు అందించి రెండోది చేత్తో పట్టుకుని కూర్చుంది. ఒక గుక్క తాగాను. టైరు ఉంది. "అమ్మా, నీకొకటి చెప్పాలి" అన్నాను. మొత్తం చెప్పాను. ఏడాదిన్నర అబద్ధం, ఖమ్మం నుంచి మారేడుమిల్లి దాకా.

అమ్మ తన గ్లాసు ఒక గుక్క తాగింది. నేను 'బాగుంది' అనకుండా తను ముందు తాగడం అదే మొదటిసారి.

"తెలుసురా" అంది. "గ్లాసు మూతి దాకా తెచ్చి ఊపిరి పట్టుకునేవాడివి. చిన్నప్పుడు ఆముదం తాగేటప్పుడూ అంతే. నాకు తెలీదూ?"

"మరి అడగలేదేం?"

"అడిగితే తాగడం మానేస్తావు. మానేస్తే ఇక్కడికొచ్చి కూర్చోవు."

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. వీధిలో పాలవాడి బండి వెళ్ళింది.

ఆ తర్వాత నా ముక్కు నెమ్మదిగా దారికొచ్చింది. ఒక్కరోజులో జరిగింది కాదు. టైరు పల్చబడి పొగైంది. పొగ పల్చబడి, ఒకనాడు దాని అడుగున ఏదో కమ్మటిది కదిలింది. ఇప్పటికీ పూర్తిగా రాలేదు. పదహారణాల కాఫీ కాదు నాది, పన్నెండణాల కాఫీ. అమ్మ రోజూ అడుగుతుంది, "ఇవాళ ఎన్నణాలు?" అని. నేను నిజమే చెబుతాను. తొమ్మిదన్న రోజున నొచ్చుకోదు, పదమూడన్న రోజున మాత్రం గ్లాసులో ఇంకో రెండు గుక్కలు పోస్తుంది.

మొన్న పండక్కి అమ్మాయి చేత్తో నొక్కే చిన్న ఎస్ప్రెస్సో పరికరం తెచ్చింది. తూచి, అదిమి, బలమంతా పెట్టి నొక్కి, బొమ్మ కప్పులో నానమ్మకిచ్చింది. అమ్మ తాగి, కప్పు తిరగేసి అడుగు చూసింది.

"బాగుందే. జలుబు చేసినప్పుడు ఇంకోసారి పెట్టివ్వు" అంది.